మడికి పనికిరాని కుంపటి

రాజరాజేశ్వరి దగ్గు వినబడితే తెల్లారిందని లింగమూర్తి ఇంటి వాకిట్లో అందరికీ తెలిసిపోయేది. కోడి కూయడం మరచిపోవచ్చు, పాలవాడు ఆలస్యం కావచ్చు, ఆ దగ్గు మాత్రం వేళ తప్పేది కాదు. ముందు వంటింట్లోంచి పొగ వచ్చేది, ఆ వెనకే దగ్గు వచ్చేది.

కూకట్‌పల్లి అప్పటికింకా పల్లెటూరే. బొంబాయి రోడ్డు మీద లారీలు పోతుంటాయి, ఆ రోడ్డు దిగితే మట్టి బాటలు, జొన్న చేలు, గొర్రెల మందలు. లింగమూర్తి తన పెంకుటింట్లో వెనక వాటా రెండు గదుల్నీ సోమేశ్వరరావుకి కిరాయికిచ్చాడు. సోమేశ్వరరావుది రేపల్లె వైపు. బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో గుమస్తా పని దొరికితే పెళ్ళాం రాజరాజేశ్వరినీ, ఇద్దరు పిల్లల్నీ, తల్లి పుణ్యవతమ్మనీ వెంటబెట్టుకుని వచ్చాడు.

వచ్చిన కొత్తలో ఇబ్బందేమీ లేదు. వత్తుల స్టౌ ఒకటి ఉండేది, కిరసనాయిలు దొరికేది, అన్నం ఉడికేది. తర్వాత ఏం ముంచుకొచ్చిందో, అరబ్బుల దేశంలో ఎవరో ఎవరి మీదో యుద్ధానికి పోయారట, ఆ దెబ్బకి కూకట్‌పల్లి రేషన్ షాపులో కిరసనాయిలు మాయమైపోయింది. దీపాలకి ఇంత పోస్తే అదే మహాభాగ్యం. స్టౌ అటకెక్కింది. కట్టెల పొయ్యి దిగింది. ఎక్కడో అరబ్బులు కొట్టుకు చావడమేమిటి, ఇక్కడ రాజరాజేశ్వరి ఊపిరితిత్తులు మాడడమేమిటి! లోకం తీరు అలా ఉంటుంది మరి.

ఆ కట్టెలైనా ఎండినవా అంటే, అదీ లేదు. పచ్చి తుమ్మ మొద్దులు. ఊదుగొట్టం పట్టుకుని ఊదీ ఊదీ ఆవిడ దవడలు పీక్కుపోయేవి. పైగా మడి. పుణ్యవతమ్మ మడి మామూలు మడి కాదు. తెల్లవారకముందే తలమీద నీళ్ళు పోసుకుని, దండెం మీద ఆరేసిన మడిబట్ట కర్రతో తీసి కట్టుకుని కోడలు వంట చేయాలి. వంట అయ్యేదాకా పిల్లలు వచ్చి అంటుకోకుండా వంటింటి తలుపు మూసి ఉంచాలి. ఆ గదికి ఉన్నది ఒక్క కిటికీ, అదీ జానెడు. తలుపు మూస్తే పొగ ఎక్కడికి పోతుంది? రాజరాజేశ్వరి గుండెల్లోకి పోయేది.

పుణ్యవతమ్మ మాత్రం ముందు గదిలో పీట మీద కూర్చుని జపమాల తిప్పుకునేది. మధ్యమధ్య, "ఏమే, చారు దించావా?" అని అడిగేది. దగ్గు ఎక్కువైతే, "మడిలో అలా దగ్గకే, తుంపర్లు పడతాయి," అనేది. కొడుక్కి పెళ్ళయిన నాటినుంచి ఆవిడ పొయ్యి ముఖం చూసి ఎరగదు.

ఫ్యాక్టరీ డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, సోమేశ్వరరావుతో స్పష్టంగా చెప్పాడు. "ఈవిడకి పొగ పడదు. ఇలాగే సాగితే ఉబ్బసంలోకి దిగుతుంది. బొగ్గుల కుంపటి కొనండి. పెరట్లో రాజేసి, బొగ్గు ఎర్రబడి పొగ పోయాక లోపలికి తెచ్చుకుంటే సరిపోతుంది. తలుపు మాత్రం మూయకండి."

"అలాగేనండీ. వచ్చే ఆదివారం తెస్తాను," అన్నాడు సోమేశ్వరరావు.

వచ్చే ఆదివారం! ఆ మాట మీద ఎన్ని ఆదివారాలు దొర్లిపోయాయో ఆవిడకే తెలుసు. ఒక ఆదివారం క్షవరం. ఒక ఆదివారం మదీనాగూడలో ఎవరో స్నేహితుడి గృహప్రవేశం. ఒక ఆదివారం పేకాటలో నాలుగో చెయ్యి తగ్గిందని పక్క వీధివాళ్ళు పిలిచారు. మనిషి చెడ్డవాడు కాదు, కొట్టడు, తిట్టడు, తాగడు. ఆవిడ దగ్గుతుంటే, "అయ్యో," అని మాత్రం అంటాడు. అని, కాఫీ తాగుతాడు. అటువంటివాడి మీద కోపం తెచ్చుకోవడానికి కూడా సందు దొరకదు, అదే ఏడుపు!

చివరికి ఆవిడే తెగించింది. పుట్టింటివారు సారెలో పెట్టిన ఇత్తడి బిందె తీసి భర్త ముందు పెట్టింది.

"ఇది మార్చి కుంపటి తెండి. ఇంట్లోంచి మీరేమీ ఖర్చు పెట్టక్కర్లేదు," అంది.

"బిందె ఎందుకే..." అని నసిగాడు గాని, మరుసటి ఆదివారం బిందె చంకన పెట్టుకుని బేగంబజారు వెళ్ళాడు. సాయంత్రానికి బస్సు కండక్టరుతో తగువులాడి, చొక్కా నిండా తుప్పు పూసుకుని, ఇనపరేకు కుంపటి ఒకటి తెచ్చి వాకిట్లో దింపాడు. బకెట్టంత ఉంది, కింద గాలికి నోరుంది, పక్కన రెండు చెవులున్నాయి. రాజరాజేశ్వరి ప్రాణం లేచొచ్చింది. వంగి లోపలికి చూసింది. ఖాళీ.

"జాలీ ఏదండీ?"

"జాలీ ఏమిటి?"

"బొగ్గులు నిలవడానికి ఇనప జాలీ ఉండద్దూ? ఇలా పోస్తే బొగ్గులన్నీ అడుగున పడి గాలాడక చచ్చిపోవూ?"

"వాడు ఇవ్వలేదు మరి. నేనేం వంటవాణ్ణా, ఇవన్నీ తెలియడానికి?" అని ఆయన ఎదురు కసిరాడు. తెలియని పని చేసి కసరడం మగవాళ్ళకి పెట్టిన విద్య.

జాలీ కోసం మళ్ళీ ఆదివారాల వరస మొదలైంది. తెచ్చాడు చివరికి. తెస్తే అది కుంపటి నోటికన్నా పెద్దది. పైన మూతలాగా కూర్చుంది గాని లోపలికి దిగలేదు. ఇంటివాళ్ళావిడ భూలక్ష్మి అది చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"గిదేందమ్మా, సిగిడికి టోపీ వెట్టిండా మీ ఆయన? జర కొలత జూస్కోవద్దా?"

రాజరాజేశ్వరికి నవ్వు రాలేదు. "మీరు నాతో బేగంబజారు వస్తారా భూలక్ష్మమ్మా?" అని అడిగింది.

"ఎందుకు రాను? నడువు, పోదం," అంది భూలక్ష్మి.

అంతవరకు ఆ ఊళ్ళో ఒంటరిగా బస్సెక్కి ఎరగని రాజరాజేశ్వరి, జాలీని పాతచీరలో మూటగట్టి, భూలక్ష్మి చెయ్యి పట్టుకుని బజారుకెళ్ళింది. దుకాణంవాడు మార్చనన్నాడు. భూలక్ష్మి వాడి గడపలో చతికిలబడి, "మార్చేదాక లేవ, ఏంజేస్తవో జేస్కో," అని నోరు చేసింది. నలుగురూ మూగేసరికి వాడు మార్చాడు. తిరుగు బస్సులో ఆ జాలీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే రాజరాజేశ్వరికి పసిబిడ్డను ఎత్తుకున్నంత సంబరమైంది. దగ్గుతూనే నవ్వింది ఆ రోజు.

అంతటితో అయిపోయిందా? ఎక్కడ! వంటింటి గోడకి పొగ పోవడానికో కన్నం కొట్టి రేకు గొట్టం పెట్టుకుంటామని అడిగితే లింగమూర్తి ఇంతెత్తు లేచాడు.

"గోడకు బొక్క గొడ్తె ఇల్లు నిలవడ్తదా? కిరాయికున్నోళ్ళు కిరాయికున్నట్టు ఉండాలె. ఇయ్యాల బొక్క అంటరు, రేపు దర్వాజ అంటరు, ఎల్లుండి ఇల్లే మాదంటరు. మీ ఆంధ్రోళ్ళ సంగతి నాకెరుక లేదా?"

అవి ఆ మాటలు రేగుతున్న రోజులే. సోమేశ్వరరావు నోరు మూసుకుని వచ్చేశాడు. సరే, కన్నం లేకపోతే పోనీ, డాక్టరు చెప్పినట్టు పెరట్లో రాజేసి లోపలికి తెచ్చుకుంటే పోలా అనుకుంది రాజరాజేశ్వరి. వీరేశం బొగ్గుల దుకాణంలో రాక్షసి బొగ్గు మూట కొనుక్కొచ్చింది. సగం బొగ్గు, సగం రాళ్ళు. ఆ రాళ్ళు ఏరుకోవడానికి ఒక పూట పట్టింది. అదీ అయింది.

ఇక మిగిలింది మెత్తడం. ఒట్టి రేకు కుంపటిలో నిప్పు పోస్తే రేకు కాలి చిల్లులు పడిపోతుంది. లోపల బొటనవేలంత మందాన మట్టి మెత్తాలి. భూలక్ష్మి బుచ్చమ్మను పిలిపించింది. బుచ్చమ్మ ఆ ఊరి పొయ్యిలన్నీ మెత్తే మనిషి. చెరువు మట్టి, ఊక, ఇంకేదో కలిపి కాళ్ళతో తొక్కి, రోజంతా కూర్చుని మెత్తి, అరచేత్తో నునుపు చేసి, నీడన ఆరబెట్టింది. ఎండాక చూస్తే ఒక్క బీటలేదు. రాజరాజేశ్వరి దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. మర్నాడు శుక్రవారం. కొత్త కుంపటి మీద పరమాన్నం వండాలని నిశ్చయించుకుంది. ఆ రాత్రి పడుకునేముందు పిల్లలతో, "రేపట్నుంచి అమ్మ దగ్గదు," అని కూడా చెప్పింది. పిచ్చిది!

శుక్రవారం పొద్దున మడి కట్టుకుని, పెరట్లో పిడకల మీద బొగ్గు రాజేసింది. దట్టంగా పొగ వచ్చింది. దూరంగా నిలబడింది. పొగ పోయింది. బొగ్గు ఎర్రగా, నిశ్శబ్దంగా మండింది. ఆ మంట చూసి, గుడ్డలతో రెండు చెవులూ పట్టుకుని లేవనెత్తింది. ముందు గదిలోంచి పుణ్యవతమ్మ కూడా వచ్చి గడపలో నిలబడి చూస్తోంది. కొత్త కుంపటి సంగతి ఆవిడకీ సరదాగానే ఉంది.

సరిగ్గా అప్పుడు భూలక్ష్మి గోడవతల నుంచి కేకేసింది. ఆవిడ మంచికే చెప్పింది పాపం.

"మంచిగ రాజుకున్నదా రాజేశ్వరమ్మా? బుచ్చమ్మ మెత్తింది గదా, పదేండ్లయినా పలగది! టాంగా అడ్డా నుంచి గుర్రం లద్దె తెచ్చి కలిపింది మరి. ఆవుపేడ గలిపితే పర్రెలిస్తది."

పుణ్యవతమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"గుర్రపు లద్దా? గుర్రపు లద్దె మెత్తిన దాని మీద నా మడి వంటా? శివశివా! ఆవుపేడ అయితే శుద్ధి. గుర్రపు లద్దె ఏ శాస్త్రంలో ఉందే? పైగా మెత్తింది ఎవరు? ఆ చేతులు ఎవరివి? దించు! గడప దాటించకు! నా ప్రాణం పోయినా ఆ నిప్పు మీద వండిన మెతుకు ముట్టను."

రాజరాజేశ్వరి నిప్పుల కుంపటి చేత్తో పట్టుకుని గడప అవతలే నిలబడిపోయింది. గుడ్డల్లోంచి చేతులు కాలుతున్నాయి. "అత్తయ్యగారూ, డాక్టరు చెప్పారు..." అంది. "డాక్టరుకి మడేం తెలుసే?" అంది పుణ్యవతమ్మ. రాజరాజేశ్వరి భర్త వైపు చూసింది. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. సబ్బు నురగ మొహంతో అన్నాడు:

"అమ్మ వద్దంటే నేనేం చెయ్యనే? పోనీ ఇంకోడిచేత ఆవుపేడతో మెత్తిద్దాం, వచ్చే ఆదివారం. అందాకా పెరట్లో పెట్టు. వేణ్ణీళ్ళకి పనికొస్తుంది."

వేణ్ణీళ్ళకి పనికొస్తుంది! పుట్టింటి బిందె పోయి, బజార్ల వెంట తిరిగి, రాళ్ళేరి, మట్టి మెత్తించిన కుంపటి వేణ్ణీళ్ళకి పనికొచ్చింది. ఆ నీళ్ళతోనే పుణ్యవతమ్మ మడి స్నానం చేసేది. "మరి నీళ్ళకి మైల లేదా అత్తయ్యగారూ?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగింది రాజరాజేశ్వరి. "నీళ్ళకి దోషం లేదే. అన్నానికే దోషం. ఆ మాత్రం తెలీదూ?" అని జవాబు వచ్చింది.

అప్పటినుంచి ఆవిడకి రెండు పొగలు. చీకటితో పెరట్లో బొగ్గు రాజేయడం. అది అందుకునేలోపు వచ్చే పొగ కట్టెల పొగకి పెద్దక్క. ఆ తర్వాత లోపల తలుపు మూసుకుని పచ్చి తుమ్మలతో వంట. ఉన్న కష్టం తీరుతుందని తెచ్చుకున్న వస్తువు ఇంకో కష్టమై కూర్చుంది. ఆవుపేడతో మెత్తించే ఆదివారం రానే లేదు. రాదని ఆవిడకి మొదటిరోజే తెలుసు. ఆమె తర్వాత అడగడం మానేసింది. అడగకపోవడం చూసి, కోడలికి సర్దుకుపోయే గుణం వచ్చిందని పుణ్యవతమ్మ సంతోషించింది.

అలా మూడేళ్ళు గడిచాయి. మూడో ఏటి వానాకాలంలో ఒక పొద్దున వంటింటి తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. చారు మాడు వాసన వస్తే సోమేశ్వరరావు తలుపు తోశాడు. పొయ్యి ముందు గోడకి చేరగిలబడి, నోరు తెరుచుకుని, గాలికోసం కొట్టుకుంటూ కనిపించింది. పెదవులు నల్లబడ్డాయి. లింగమూర్తే పరుగెత్తి రిక్షా తెచ్చాడు. ఎర్రగడ్డ ఛాతీ దవాఖానాలో చేర్చారు.

అక్కడ ఆవిడ చాలా రోజులుంది. మందులకి ఊపిరి కుదుటపడింది గాని, పోయింది పోయినట్టేనని డాక్టర్లు చెప్పారు. ఛాతీ ఇక మునుపటిలా ఉండదు, జాగ్రత్తగా బతకాలి, అన్నారు. సోమేశ్వరరావు రోజు విడిచి రోజు వచ్చేవాడు. బత్తాయిలు తెచ్చేవాడు. "ఇంట్లో వంటెవరు చేస్తున్నారండీ?" అని అడిగితే, "అమ్మే. ఏదో జరుగుతోందిలే," అని కిటికీలోంచి బయటికి చూసేవాడు. పిల్లలు ఎలా తింటున్నారో, అత్తగారు పొగలో ఎలా అవస్థ పడుతున్నారోనని ఆవిడ మంచం మీద పడుకుని బెంగపడేది. నిజంగానే బెంగపడింది. అంత జరిగినా పుణ్యవతమ్మ మీద జాలే వేసింది.

ఇంటికి తీసుకొచ్చిన రోజున రిక్షా వాకిట్లో ఆగింది. రాజరాజేశ్వరి దిగబోతూ ఆగిపోయింది. వంటింటి గోడలోంచి రేకు గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. దాని చుట్టూ సిమెంటు ఇంకా కొత్తగానే ఉంది. గొట్టంలోంచి సన్నగా ఆవిరిలాంటి పొగ పైకి పోతోంది.

భూలక్ష్మి ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"అదేమిటి భూలక్ష్మమ్మా?" అని గొట్టం చూపించింది రాజరాజేశ్వరి.

భూలక్ష్మి మొహం పక్కకి తిప్పుకుంది. "ఏం జెప్పాలె తల్లీ? నువ్వు దవాఖానకు వోయినంక ముసలమ్మ పొయ్యికాడ గూసున్నది. నాలుగు దినాలకే దగ్గు వట్టుకుంది. మీ ఆయన పరేషానయి మా ఆయన కాళ్ళు వట్టుకున్నంత పని జేసిండు. మా ఆయన గూడ, 'పెద్దమనిషి, పాపం, కొట్టుకోండ్రి,' అన్నడు. మీ ఆయననే సుత్తె, ఉలి వట్టి బొక్క గొట్టిండు. ఫ్యాక్టరీకి సుట్టీ వెట్టి మరీ."

"ఆదివారమా?"

"కాదమ్మా, బేస్తవారం."

రాజరాజేశ్వరి మెల్లగా లోపలికి నడిచింది. వంటింటి తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి ఉండే చోట అరుగు కట్టారు. అరుగు మీద కుంపటి ఉంది. అదే కుంపటి. అవే రెండు చెవులు. లోపల బుచ్చమ్మ మెత్తిన మట్టి మూడేళ్ళ మంటకి కాలి ఇటుకలా గట్టిపడింది, భూలక్ష్మి చెప్పినట్టే ఒక్క పర్రె లేదు. దాని మీద పప్పు ఉడుకుతోంది. పుణ్యవతమ్మ మడిబట్టతో పీట మీద కూర్చుని గరిటె తిప్పుతోంది.

"వచ్చావా తల్లీ!" అంది. "చూశావా, మీ ఆయన నీకోసం ఎంత చక్కగా అమర్చాడో! పొగ పిసరంత లేదు."

"మరి గుర్రపు లద్దె, అత్తయ్యగారూ?"

"సోమేశం గుళ్ళో శాస్త్రిగార్ని అడిగాడే. ఒకసారి నిప్పులో కాలాక ఇక మైల ఎక్కడిది, అన్నారాయన. పంచగవ్యం చల్లించాం. అంతా శుద్ధే."

రాజరాజేశ్వరి భర్త వైపు తిరిగింది. ఆయన చేతిలో మందుల సంచి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"శాస్త్రిగారు ఈ ఊళ్ళో ఎప్పట్నుంచీ ఉన్నారండీ?" అని అడిగింది.

సోమేశ్వరరావు సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"మనం రాకముందునుంచీ ఉన్నారు కదూ?" అని, ఆ సంచి తానే అందుకుని మేకుకి తగిలించింది.

రెండో రోజునుంచి వంట మళ్ళీ ఆవిడదే అయింది. పుణ్యవతమ్మ మళ్ళీ ముందు గదిలోకి, జపమాలలోకి వెళ్ళిపోయింది. ముసలావిడ దగ్గు ఎప్పుడో నయమైంది. బొగ్గు ఎర్రగా మండేది, గొట్టం పొగని పట్టుకుపోయేది, తలుపు తెరిచే ఉండేది. కోరుకున్నదంతా కోరుకున్నట్టే అమరింది. రాజరాజేశ్వరి మాత్రం గరిటె తిప్పితే ఆయాసపడేది. బిందె దించితే కూర్చుండిపోయేది. తెల్లవారుజామున దగ్గు వచ్చిందంటే వంగిపోయి, అరుగు అంచు పట్టుకుని, అది వదిలేదాకా అలాగే ఉండేది. లింగమూర్తి వాకిట్లోవాళ్ళకి మునుపటిలాగే దాంతోనే తెల్లారేది.

ఒకనాడు ఆ దగ్గు ఎంతకీ ఆగకపోతే ముందు గదిలోంచి పుణ్యవతమ్మ విసుక్కుంది.

"ఇంకా ఏం దగ్గే అది? పొగ లేదుగా ఇప్పుడు!"

రాజరాజేశ్వరి కళ్ళు తుడుచుకుంది. ఊపిరి అందేదాకా ఆగింది.

"ఇది పాత పొగ, అత్తయ్యగారూ," అని, అన్నం గిన్నె దించి గంజి వార్చింది.